వెనకవాళ్ళకో బకెట్

మదనపల్లెలో చెంగల్రాయుడనే పిండిమర యజమాని ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, తన పని అయిపోయాక వెనకాల ఇంకొకరు ఉంటారన్న సంగతి ఆయనకు గుర్తుండేది కాదు. పేపరు చదివితే నాలుగు కాగితాలు నాలుగు దిక్కులా వదిలేసేవాడు. కుండలో నీళ్ళు ముంచుకుంటే మూత పెట్టేవాడు కాదు. పెళ్ళి భోజనాల్లో పాయసం బకెట్ తన దగ్గరికి వచ్చిందంటే పక్క విస్తరిని మరిచిపోయేవాడు. ఎవరైనా ఎత్తి చూపితే కోప్పడకుండా హాయిగా నవ్వేసేవాడు. అంత చక్కగా నవ్వే మనిషిని ఎవరు మాత్రం ఏమంటారు?

మదనపల్లె చలి సంగతి అక్కడ పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. చలికాలం పొద్దున్నే ఒంటిమీద చన్నీళ్ళు పడితే మనిషి ఎగిరి గంతేస్తాడు. అందుకని చెంగల్రాయుడి పెరట్లో ఆయన తల్లి నాటి రాగి బాయిలర్ ఒకటి ఉండేది. దాని నడుమ గొట్టంలో నిప్పు, చుట్టూ నీళ్ళు, కింద కొళాయి. వేరుశనగ పొట్టు, కొబ్బరి చిప్పలు వేసి రాజేస్తే తెల్లారేసరికి నీళ్ళు పొగలు కక్కేవి. తల్లి బతికున్న రోజుల్లో ఆ బాయిలర్‌కు ఒక నియమం పెట్టింది.

"బకెట్ పట్టుకుంటే బకెట్ పోయాల" అనేది ఆవిడ. ఎన్ని వేణ్ణీళ్ళు తీసుకుంటే అన్ని చన్నీళ్ళు పైన పోసి వెళ్ళాలి. అప్పుడు తరవాత వచ్చేవాళ్ళకు నీళ్ళుంటాయి. పోయకపోతే అడుగు మాడి, బాయిలర్ అతుకులు ఊడిపోతాయి. ఇంటికొచ్చిన చుట్టాలు కూడా ఆ నియమం పాటించేవాళ్ళు. పాటించనివాడు ఆవిడ కన్నకొడుకు ఒక్కడే. చెంగల్రాయుడు రెండు బకెట్లు పట్టుకుని, ఒక్క చెంబు కూడా తిరిగి పోయకుండా తల తుడుచుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఆయన వెనకే భార్య రెడ్డెమ్మ వచ్చి పోసేది. ఎప్పుడు చూసినా బాయిలర్ నిండుగానే కనిపించేది కాబట్టి, అది దానంతట అదే నిండుతుందని ఆయన అనుకుని ఉండొచ్చు.

ఆ పొగకు రెడ్డెమ్మకు దగ్గు పట్టుకుంది. పొద్దున బాయిలర్ రాజేసేటప్పుడు మొదలైన దగ్గు మధ్యాహ్నం దాకా తగ్గేది కాదు. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారేవి. పొగకు దూరంగా ఉండకపోతే ఊపిరితిత్తులు పాడవుతాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. చెంగల్రాయుడికి భార్య మీద ప్రేమ లేకపోలేదు. ఆ వారంలోనే ఆయన తొట్టి లేని కొత్తరకం గీజరు తెచ్చాడు. అది గోడకు బిగించే చిన్న పెట్టె. అందులో నీళ్ళు నిలవ ఉండవు. కొళాయి తిప్పగానే పారే నీళ్ళు అందులోంచి వేడెక్కి వస్తాయి.

దాన్ని బిగించడానికి బాషా అనే ఎలక్ట్రీషియన్ వచ్చాడు. లావుపాటి వైరు వేరుగా లాగి, పెట్టె బిగించి, వెళ్ళేముందు జాగ్రత్తలు చెప్పాడు.

"అన్నా, ఇది ఉడుకునీళ్ళు దాచిపెట్టదు. పారతా ఉంటేనే కాస్తాది. కొళాయి సన్నగా తిప్పుకుంటే మంచి ఉడుకు వస్తాది, పూరాగా తిప్పితే గోరువెచ్చగా అయిపోతాది. మన బోరునీళ్ళకు లోపల సున్నం పేరుకుంటాది, అప్పుడప్పుడు కడిగించాల. కరెంటు పోతే మాత్రం ఇది ఉత్త డబ్బానే. అందుకని ఒక డ్రమ్ము నిండా నీళ్ళు ఎప్పుడూ పెట్టుకోండి."

"అదంతా సరే గానీ, నీళ్ళు ఎంతసేపు వస్తాయప్పా?" అన్నాడు చెంగల్రాయుడు.

"మిద్దె మీద ట్యాంకులో నీళ్ళున్నంతసేపు."

"అంటే ఎంతసేపైనా" అని చెంగల్రాయుడు తనే తేల్చేశాడు.

ఉన్న మాట చెప్పాలి. ఆ పెట్టె ఆ ఇంటికి చాలా మేలు చేసింది. రెడ్డెమ్మ తెల్లారకముందే లేచి పొట్టు ఎగదోయాల్సిన పని తప్పింది. మసి తోమే పని తప్పింది. నీళ్ళ కోసం ఎవరూ కాచుకోనక్కర్లేకపోయింది. రోజంతా నీళ్ళు కాగుతూ ఉండవు కాబట్టి కరెంటు కూడా వృథా కాలేదు. అన్నిటికంటే మించి, నెల తిరిగేసరికి ఆవిడ దగ్గు తగ్గింది. ఆ ఏడు ఆయుధపూజకు పిండిమరకు పసుపు కుంకుమ పెట్టి వస్తూ, రెడ్డెమ్మ బాత్రూములోకి వెళ్ళి గీజరు పెట్టెకు కూడా బొట్టు పెట్టింది. చెంగల్రాయుడు అది చూసి నవ్వాడు.

"నవ్వితే నవ్వుకో. నా ఊపిరి నాకు తిరిగి ఇచ్చింది ఇది" అంది రెడ్డెమ్మ.

పాత బాయిలర్‌ను చెంగల్రాయుడు పాత సామాన్లవాడికి వేసేయబోయాడు. రెడ్డెమ్మ అడ్డుపడింది. ఎదురింట్లో వెంగమ్మ అనే పెద్దావిడ ఉండేది. చెంగల్రాయుడి తల్లికి ప్రాణస్నేహితురాలు. కొడుకు, కోడలితో ఉండేది. వాళ్ళింట్లో నీళ్ళు కాచుకోవడానికి సత్తు గిన్నె తప్ప ఇంకేమీ లేదు. వెంగమ్మ మోకాళ్ళ నొప్పులకు కాపడం పెట్టుకుందామన్నా నీళ్ళు చాలేవి కావు.

"అత్తమ్మ వాడిన వస్తువు. వెంగమ్మత్తకు ఇద్దాం. వాళ్ళ పెరడు పెద్దది, పొగ పైకి పోతాది" అంది రెడ్డెమ్మ.

"ఆ మసిగుండిగ ఎవరికి కావాల? ఇస్తే ఇచ్చుకో" అన్నాడు చెంగల్రాయుడు. బాయిలర్ వీధి దాటి వెళ్ళిపోయింది.

ఆ తరవాత ఇంట్లో ఒక మార్పు వచ్చింది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బాయిలర్ ఉన్నప్పుడు నీళ్ళు తగ్గడం తెలిసేది. కొళాయి ధార సన్నబడితే మనిషి చెయ్యి కూడా తగ్గేది. గీజరుకు ఆ సూచన లేదు. మొదటి చెంబు ఎంత వేడిగా వచ్చేదో ఆఖరి చెంబూ అంత వేడిగానే వచ్చేది. చెంగల్రాయుడు ధార కింద నిలబడి పాటలు పాడటం మొదలుపెట్టాడు. పిండిమర దగ్గర గిరాకీలు గోధుమ సంచులు పట్టుకుని నిలబడితే, అయ్యగారి కచేరీ అయ్యాక రమ్మని పక్క కొట్టువాడు చెప్పేవాడు. మిద్దె మీద ట్యాంకు ఖాళీ అయితే మోటారు వేసేవాళ్ళు, మళ్ళీ నిండేది. బాషా చెప్పిన డ్రమ్ములో రెడ్డెమ్మ నీళ్ళు పట్టిపెడితే, అది దారికి అడ్డమని చెంగల్రాయుడు దాన్ని పిండిమరకు తీసుకుపోయి అందులో తవుడు పోశాడు.

అట్లా ఉండగా వాళ్ళ కూతురు యశోద పుట్టింటికి పురిటికి వచ్చింది. నెలలు నిండకముందే ఆడపిల్ల పుట్టింది. బిడ్డ అరచేతిలో ఇమిడేటంత ఉంది. డాక్టరమ్మ ఇంటికి పంపేటప్పుడు ఒకటికి రెండుసార్లు చెప్పింది. "బిడ్డకు చలి తగలనివ్వకండి. పాపకు తన ఒంట్లో వేడి ఇంకా చాలదు. మీరే కాపాడుకోవాలి."

చెంగల్రాయుడికి ఆ మనవరాలంటే ఎంత ప్రేమో చెప్పలేం. పిండి చేతులు మూడుసార్లు కడుక్కుని గానీ దగ్గరికి వెళ్ళేవాడు కాదు. గదికి చల్లగాలి రాకుండా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కాడు. "మా తల్లి మళ్ళా పుట్టింది" అని వీధిలో కనబడినవాళ్ళందరికీ చెప్పాడు.

పురుడు వచ్చింది. అంటే బాలింతకు, బిడ్డకు తలకి నీళ్ళుపోసి మైల తీర్చే రోజు. ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం ముందు ఇల్లంతా కడిగి, ఇంట్లోవాళ్ళు, చుట్టాలు తలకి పోసుకోవాలి. కాస్త పొద్దెక్కి చలి విరిగాక చివర్న తల్లికి, బిడ్డకు పోస్తారు. పుంగనూరు నుంచి వియ్యంకుడు నరసింహులు, ఆయన భార్య, అల్లుడు, ఇంకా నలుగురు బంధువులు పొద్దున్నే దిగారు. ముసురు పట్టి సన్నగా తుంపర పడుతోంది. అందరూ వణుకుతున్నారు.

చెంగల్రాయుడికి గీజరు చూపించుకునే అవకాశం దొరికింది.

"బావా, పోసుకో. మొహమాటపడొద్దు. మా ఇంట్లో ఉడుకునీళ్ళకు కొదవ లేదు" అన్నాడు.

"ఇంతమందిమి ఉన్నాం కదా, చాలతాయా?" అన్నాడు నరసింహులు.

"ఎంతసేపు పోసుకుంటే అంతసేపు వస్తాయి. ఇదేమన్నా బాయిలరా?"

రెడ్డెమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. "ఇదో, ట్యాంకులో నీళ్ళు ఎంత ఉండాయో ఒకసారి చూడు. రాత్రి మోటారు వేయలేదు" అంది.

"చూస్తాలే" అన్నాడు చెంగల్రాయుడు. చూడలేదు.

చుట్టాలు ఒకరి తరవాత ఒకరు వెళ్ళారు. వెచ్చటి ధార కింద నిలబడ్డాక ఎవరికి మాత్రం బయటికి రావాలనిపిస్తుంది? వాళ్ళను తప్పు పట్టలేం. వచ్చినవాడల్లా గీజరును మెచ్చుకుంటూ వచ్చాడు. చిట్టచివరికి చెంగల్రాయుడు వెళ్ళాడు. ఆ రోజు ఆనందం ఎక్కువ కాబట్టి పాటలూ ఎక్కువే పాడాడు.

ఇక తల్లీబిడ్డల వంతు వచ్చింది. ఆ వీధిలో పసిబిడ్డలకు నీళ్ళు పోయడంలో వెంగమ్మది అందెవేసిన చెయ్యి. ఆవిడ వచ్చి పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. బిడ్డకు ఒళ్ళంతా నూనె రాసి, కాళ్ళమీద పడుకోబెట్టుకుంది. పక్కన యశోద తలకు నూనె, ఒంటికి పసుపు పట్టించుకుని కూర్చుంది. రెడ్డెమ్మ కొళాయి తిప్పింది.

ధార సన్నగా వచ్చింది. ఒకసారి బుసకొట్టింది. ఆగిపోయింది.

రెడ్డెమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. లాభం లేకపోయింది. "ట్యాంకు ఖాళీ అయినట్టుంది. మోటారు వేయండి" అని అరిచింది. చెంగల్రాయుడు పరుగెత్తి స్విచ్ నొక్కాడు. మోటారు కదల్లేదు. గీజరు పెట్టె మీద ఎర్రదీపం కూడా అప్పుడే ఆరిపోయింది. ముసురుకు ఎక్కడో తీగ తెగి వీధంతా కరెంటు పోయింది. ఆయన మిద్దె ఎక్కి ట్యాంకు మూత తీశాడు. అడుగున నాచు తప్ప ఏమీ లేదు.

కిందికి వచ్చి చూస్తే ఇంట్లో ఏ బిందెలోనూ నీళ్ళు లేవు. ఉన్నవన్నీ ఇల్లు కడగడానికి అయిపోయాయి. తాగే నీళ్ళ క్యాను ఒకటి మిగిలింది. అది పొయ్యి మీద పెట్టి కాగేదాకా ఆగాలి. బిడ్డ ఆగే స్థితిలో లేదు. నూనె ఒంటికి గాలి తగిలి ఒళ్ళు చల్లబడుతోంది. అప్పటిదాకా ఏడుస్తున్న బిడ్డ గొంతు సన్నబడింది. పెదవులు నీలంగా మారుతున్నాయి.

"నాయనా, పాప చేతులు చల్లగైపోతా ఉండాయి" అంది యశోద.

చెంగల్రాయుడి జుట్టు ఇంకా తడిగా ఉంది. ఒంట్లో వేణ్ణీళ్ళ వెచ్చదనం ఇంకా ఉంది. ఆ వెచ్చదనం ఎవరి వంతు నీళ్ళదో ఆయనకు అప్పుడు అర్థమైంది. ఏం చేయాలో తోచక గుమ్మంలో నిలబడిపోయాడు.

వెంగమ్మ కంగారుపడలేదు. బిడ్డను తన చీర చెంగులో చుట్టి గుండెలకు హత్తుకుంది.

"రాయుడూ, అట్ల నిలబడితే ఎట్ల? మా పెరట్లో బాయిలర్ ఉంది కదా. పో, రెండు బకెట్లు పట్టుకుని రా" అంది.

ఆయన ఖాళీ బకెట్లు పట్టుకుని తుంపరలో వీధి దాటాడు. వెంగమ్మ ఇంటి పెరట్లో రేకుల కింద పాత బాయిలర్ నిలబడి ఉంది. తళతళా తోమి, నడుముకు పసుపు రాసి ఉంది. గొట్టం నోట్లో వేరుశనగ పొట్టు ఎర్రగా కాలుతోంది. కొళాయి తిప్పితే పొగలు కక్కుతూ నీళ్ళు వచ్చాయి. రెండు బకెట్లూ నిండాయి.

"మీరింకా పోసుకోలేదా, అమ్మా?" అని ఆయన వెంగమ్మ కోడలు కాంతమ్మను అడిగాడు.

"అందరం పోసుకున్నాం కదన్నా."

"మరి ఇంత నిండుగా ఎట్ల ఉంది?"

"బకెట్ పట్టుకుంటే బకెట్ పోయాలన్నా. మీ అమ్మ చెప్పిన మాటంట. బాయిలర్ ఇంటికొచ్చిన రోజే మా అత్త చెప్పింది" అంది కాంతమ్మ.

చెంగల్రాయుడు బకెట్లు ఎత్తుకుని వీధి దాటాడు. వెంగమ్మ మోచేతితో వేడి చూసి, ఆ తాగే నీళ్ళే కొంచెం కలిపి, బిడ్డ వీపు మీద మొదటి చెంబు పోసింది. రెండో చెంబు పోసింది. మూడో చెంబుకు బిడ్డ కాళ్ళు తన్నుకుంది. నాలుగో చెంబుకు గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు వినడానికి అంత హాయిగా ఉంటుందని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. వెంగమ్మ ఒళ్ళు తుడిచి సాంబ్రాణి పొగ చూపించి, మెత్తటి గుడ్డలో చుట్టి నాయనమ్మ చేతికిచ్చింది. బిడ్డ పెదవులు మళ్ళీ ఎర్రగా అయ్యాయి. యశోద కూడా తలారా వేణ్ణీళ్ళు పోసుకుంది.

ఆ సందడిలో చెంగల్రాయుడు కనిపించలేదు. రెడ్డెమ్మ వెతుక్కుంటూ ఎదురింటికి వెళ్ళింది. ఆయన వెంగమ్మ పెరట్లో తొట్టిలోంచి చన్నీళ్ళు ముంచి బాయిలర్‌లో పోస్తున్నాడు. రెండు బకెట్లూ పోశాడు. ఆ తరవాత వంగి గొట్టంలోకి పొట్టు ఎగదోశాడు. పొగ ముఖాన కొట్టింది. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. కళ్ళ నీళ్ళు కారుతున్నాయి. అవి పొగవల్ల వచ్చినవి కొన్ని, పొగవల్ల రానివి కొన్ని.

"మే రెడ్డెమ్మా, ఇన్నేండ్లు నా వెనకాల నువ్వే పోస్తా ఉన్నావు కదా" అన్నాడు.

"ఇప్పుడు తెలిసిందా?" అంది రెడ్డెమ్మ. ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు.

"తెలిసింది. ఈ పొగలో కూర్చుని పోసినావు. నేనొక్క రోజు కూడా అడగలేదు."

ఇంటికి వచ్చి ఆయన వెంగమ్మకు చేతులు జోడించాడు. "అత్తా, నా మనవరాలిని కాపాడినావు. నీ మేలు మర్చిపోను."

"నాకెందుకు నాయనా దండం? ఆ బాయిలర్ ఇచ్చింది నీ పెండ్లాం. దాని పుణ్యాన నా మోకాళ్ళకు రోజూ ఉడుకునీళ్ళు దొరకతా ఉండాయి. ఈ పొద్దు అవే ఇటు వచ్చినాయి. నియమం పెట్టింది మీ అమ్మ. ఆమెకు పెట్టుకో ఆ దండం" అంది వెంగమ్మ.

నరసింహులు కూడా కొంచెం సిగ్గుపడ్డాడు. "తప్పు మాది కూడా బావా. నీళ్ళు వస్తా ఉంటే వెనక ఎవరున్నారో మేమూ చూసుకోలేదు" అన్నాడు.

సాయంత్రం కరెంటు వచ్చింది. మోటారు తిరిగింది. చెంగల్రాయుడు గీజరు వంక కోపంగా చూసి, "దీన్ని పీకేద్దాం. బాయిలర్ లాంటిదే ఇంకోటి చేయిద్దాం" అన్నాడు.

రెడ్డెమ్మ ఒప్పుకోలేదు. "ఆ పొగ మళ్ళా నాకొద్దు. ఇది నాకు చేసిన మేలు నేను మర్చిపోను. ఇది చేసిన తప్పేముంది? తిప్పినంతసేపు ఇచ్చింది. ఇంక చాలు, వెనక పాప ఉందని చెప్పడం దానికి రాదు. అది చెప్పాల్సింది మనం" అంది.

చెంగల్రాయుడు మర్నాడు పిండిమర నుంచి డ్రమ్ము తెచ్చి, తవుడు దులిపి, కడిగి బాత్రూము పక్కన పెట్టాడు. బాషాను పిలిపించి గీజరులో పేరుకున్న సున్నం కడిగించాడు. అతడు మళ్ళీ చెప్పిన జాగ్రత్తలన్నీ ఈసారి చివరిదాకా విన్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో కొళాయి కింద నిలబడటం మాని, సన్నటి ధారతో బకెట్ నింపుకుని పోసుకోవడం అలవాటైంది. ఎవరు పోసుకున్నా బయటికి వచ్చేముందు డ్రమ్ము నిండుగా ఉందో లేదో చూడాలి. తరిగితే నింపాలి. అందరికంటే ముందు ఆ పని చేసింది చెంగల్రాయుడే. పాటలు మాత్రం మానలేదు. డ్రమ్ము నింపేటప్పుడు పాడేవాడు.

మరుసటి ఆయుధపూజ నాటికి మనవరాలు గోడ పట్టుకుని నడుస్తోంది. రెడ్డెమ్మ కుంకుమ భరిణ తీసుకునేసరికి చెంగల్రాయుడు ముందే చెయ్యి చాపాడు. గీజరు పెట్టెకు తనే బొట్టు పెట్టాడు. తరవాత మనవరాలిని చంకనెత్తుకుని వీధి దాటాడు. వెంగమ్మ పెరట్లో రాగి బాయిలర్‌కు పసుపు రాసి, పిల్ల వేలు కుంకుమలో ముంచి దాని నడుముకు బొట్టు పెట్టించాడు. పిల్ల ఆ వెచ్చటి రాగిని తాకి కిలకిలా నవ్వింది. చెంగల్రాయుడు తల్లిని తలుచుకుని కళ్ళు మూసుకున్నాడు. వచ్చేముందు ఒక బకెట్ చన్నీళ్ళు పోసి మరీ వచ్చాడు.

నీతి: మనం అనుభవించిన సుఖం మన వెనక వచ్చేవాళ్ళకు కూడా మిగిలేలా చూడటమే దానికి మనం చెప్పగల నిజమైన కృతజ్ఞత.